చూసే కమాండ్

కృపకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తన చేతి పొరపాటుతో ఏదైనా చెడిపోయి, ఇక బాగుపడకుండా పోతుందని. ఇంట్లో రెండేళ్ల కూతురు షారోను గురించి ఆ భయం. కోదాడ శివారు రైస్‌మిల్లు కాటా గదిలో కంప్యూటర్ గురించీ అదే.

ఆ ఉదయం నాలుగో లారీ కాటా ఎక్కేసరికి ప్రింటర్ ఎర్రలైటు వెలిగించి మొరాయించింది. వేరే సైజు కాగితం పెట్టమంటుంది. గదిలో ఉన్నదంతా ఏ-ఫోరే.

కృపకు నిన్నటి సంగతి గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం కంప్యూటర్ కొత్త సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు వేసుకుంటూ తెరమీద ఏదో అడిగింది. సరిగ్గా అప్పుడే అత్త ఫోన్ చేసి పాపకు ఒళ్లు వెచ్చగా ఉందంది. కృప చదవకుండానే ఏవో మీటలు నొక్కేసింది.

ఇవాళ కాటా గుమాస్తా ఏసుపాదానికి కొలువులో ఆఖరి రోజు. ఇరవై రెండేళ్లు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి. ఆయన సాయం లేకుండా కృప నడిపితేనే కుర్చీ ఆమెది, లేకుంటే మిర్యాలగూడ నుంచి ఇంకొకరిని తెస్తానన్నాడు మిల్లు సేటు. అందుకే ఏసుపాదం గుమ్మం దగ్గర స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. సన్నటి మనిషి. కనుబొమల మీద తవుడు దుమ్ము, భుజాన ఎర్ర తువ్వాలు. రోజూ పోయేముందు దాన్ని దులిపి కీబోర్డు మీద కప్పి, పొద్దున్నే మళ్లీ భుజానికెత్తుకునేవాడు.

డ్రైవర్ బీరన్న కిటికీలోంచి తొంగిచూశాడు. "ఏం చెల్లె, లారీల వడ్లు మొలకలొస్తున్నయ్."

"మొలిస్తే కోసుకపో అన్నా. జర ఆగు."

బీరన్నతో అట్లా అందే గానీ, ఏసుపాదం దగ్గర దాచలేకపోయింది. "చిన్నాయనా, నేనే చెడగొట్టిన. నిన్న సూడకుండ నొక్కిన."

"నొక్కితే నొక్కినవ్. ఇప్పుడన్నా సూడు. సూస్తే ఏం పోదని ఎన్నిసార్లు చెప్పిన?"

కృప, ఏసుపాదం నేర్పినవన్నీ రాసుకున్న నోటుబుక్కు తెరిచింది. తొమ్మిదో తరగతిలోనే బడి మానేసిన పిల్ల, కమాండ్లలోని ఇంగ్లీషు అక్షరాలను ముగ్గు దించుకున్నట్టు ఒక్కొక్కటే అందులో దించుకుంది. డెబ్‌కాన్ఫ్-షో అని కొట్టి, పక్కన కాగితం సంగతి చూసుకునే ప్యాకేజీ పేరు కొట్టింది. ఎంటర్ మీద వేలు ఆగింది. ఇది ఉన్నదాన్ని చూపిస్తుందంతే, ఏదీ మార్చదు. పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూసినట్టే. నొక్కింది.

ఒక్క లైను వచ్చింది. మొదట నక్షత్రం గుర్తు, అంటే ఆ ప్రశ్న మనిషిని అడగడం అయిపోయిందని. చివర లెటర్ అని ఉంది, అది అమెరికావాళ్ల కాగితం సైజు. నోటుబుక్కులో ఏ-ఫోర్ అని ఉంది.

"కాగితం సైజు మారింది చిన్నాయనా. గంతే."

"గంతేనా?"

"గంతే," అంది, నవ్వు ఆపుకోలేక. పక్క పేజీలో ఉన్న మార్చే కమాండ్ కొట్టి ఏ-ఫోర్ ఎంచుకుంది. ప్రింటర్ గురగురమని చీటీ కక్కింది. బీరన్న దాన్ని కళ్లకద్దుకుని, లారీ హారన్ మూడుసార్లు మోగించి పోయాడు.

మధ్యాహ్నం అత్త ఫోన్. పాప ఒళ్లు చల్లబడిందట, కోడిపెట్ట వెంట ఉరుకుతుందట. సాయంత్రం సేటు వచ్చి ఖాళీ కాటాను చూసి, "రేపు ఎనిమిదింటికి రా," అన్నాడు. ఆ మాట చెబుదామని కృప గుమ్మం వైపు తిరిగింది. స్టూలు మీద ఎర్ర తువ్వాలు ఒక్కటే ఉంది, మనిషి లేడు. ఆమె ఆఖరి లారీ తూస్తుండగానే ఆయన నడిగూడెం ఆటో ఎక్కేశాడు.

అక్కడ చర్చి వెనక రేకుల ఇంట్లో ఒక్కడే ఉంటాడు. ఫోను ఎత్తడు. మీరెవరైనా ఆ దారిన పోతే ఒకసారి తొంగిచూసి రండి, చూస్తే ఏం పోదు. ఎర్ర తువ్వాలు భద్రంగా ఉందని చెప్పండి. కృప తవుడు దుమ్ము దులిపి, నాలుగు మడతలేసి, రోజూ ఆయన కప్పినట్టే కీబోర్డు మీద కప్పింది.