ఇద్దరికి తక్కువైతే వండం

వాలెన్సియాలో ఒంటరి మనిషి ఆకలితో మాత్రం చచ్చిపోడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఏ బార్‌లో దూరినా కౌంటర్ ముందు ఎత్తు స్టూలు ఒకటి ఖాళీగానే ఉంటుంది. బంగాళాదుంపల ఆమ్లెట్ ముక్క కోసి ఇస్తారు, చిన్న చేపలు కరకరలాడేలా వేయించి ఇస్తారు, బ్రెడ్డు మీద టమాటా రుద్ది నూనె చిలకరించి ఇస్తారు. తిన్నంతసేపూ టీవీలో ఫుట్‌బాల్. నీ పక్కన ఎవరున్నారని అడిగేవాడుండడు. చిక్కంతా అన్నం దగ్గరే.

ఇక్కడ అన్నమంటే పాయెయా, మాంసమూ చిక్కుళ్ళూ వేసి వండేది. అది పళ్ళెంలో వడ్డించుకునే వంట కాదు. రెండు చెవుల వెడల్పాటి ఇనప మూకుడులో నారింజ కట్టెల మంట మీద వండి, ఆ మూకుడునే తెచ్చి బల్ల మధ్యలో పెడతారు. చుట్టూ కూర్చుని చెక్క చెంచాలతో ఎవరివైపు వాళ్ళు తినాలి. గురువారాల్లో కొన్ని హోటళ్ళలో పళ్ళేల్లో కూడా పెడతారు, అది పొద్దుననగా వండి పడేసిన ముద్ద. దాన్ని అన్నమంటే ఇక్కడివాళ్ళకి కోపమొస్తుంది, నాకూ వస్తుంది. అసలు అన్నం కావాలంటే మెనూలో ఆ వరస కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది, ఇద్దరికి తక్కువైతే వండం అని. ఊరివాళ్ళ కంట ఆ మాట పడదు. వాళ్ళెప్పుడు ఒక్కరే వెళ్ళారు గనక!

రూతా కంట పడింది. లిథువేనియా నుంచి నీటిపారుదల చదవడానికి వచ్చిన పిల్ల. మనిషి పొడుగు, మాట పొట్టి. అద్దెకున్న ఇంట్లో మిగతా ఇద్దరూ ఎప్పుడొస్తారో ఎప్పుడు పోతారో తెలియదు, అందుకని వంటింట్లో నిలబడే తినేసేది. క్లాసువాళ్ళతో కలిసి ఊరి బయట ఎల్ పల్మార్ కాలవలు చూడ్డానికి వెళ్ళినప్పుడు, వరిపొలాల మధ్య ఆ హోటళ్ళూ, ప్రతి బల్ల మీదా పొగలు కక్కే మూకుడూ, దాని చుట్టూ తలలూ చూసింది. ఆ వారమే ఒక్కతీ బస్సెక్కి మళ్ళీ వెళ్ళింది. అక్కడ వడ్డించే పెద్దాయన పేరు కేలో.

"ఎంతమందమ్మా?"

"ఒక్కదాన్నేనండీ."

"అయితే ఈల్ చేప తిను తల్లీ, బ్రహ్మాండంగా ఉంటుంది. అన్నం ఇద్దరికి తక్కువైతే వండం."

"ఇద్దరి డబ్బూ నేనే ఇస్తానండీ."

"డబ్బు సంగతి కాదే పిచ్చిపిల్లా! మూకుడు ముందు ఒక్కదానివి కూర్చుంటే చూసేవాళ్ళకి ఎలా ఉంటుంది? ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు."

ఆయన సరదాకే అన్నాడు. ఆ పిల్ల చేప తిని, బాగుందని చెప్పి, బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చింది.

అన్నం కోసమే అయితే ఎప్పుడో ఊరుకునేది. ఇంత పెద్ద ఊళ్ళో, ఇంతకాలంలో, తనకెదురుగా కూర్చుని తిన్న మనిషి ఒక్కరంటే ఒక్కరు లేరు, అదీ ఆమె గుండెలో పడ్డ ముల్లు. చదువు అయిపోవచ్చింది. గురువారం విమానం. ఈలోపు ఒక్కసారైనా ఎవరితోనో ఆ మూకుడు ముందు కూర్చోవాలి. లేకపోతే ఈ ఊళ్ళో తను ఉన్నట్టే కాదు.

ల్యాబులో పక్క బల్ల నూరియాది. ఎప్పుడూ నవ్వుతూ పలకరిస్తుంది. రూతా ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని ఆమెని అడిగింది.

"నేను గురువారం వెళ్ళిపోతున్నాను. ఈ ఆదివారం ఎల్ పల్మార్‌కి వస్తావా? అన్నం తిందాం."

"అబ్బ, ఎంత మంచి ఆలోచనే!" అంటూ నూరియా ఆమె రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. "తప్పకుండా! నేను చెప్తాలే!"

చెప్తాలే. ఈ ఊళ్ళో ఆ మాటకి అర్థం బడికెళ్ళే పిల్లలకి కూడా తెలుసు. రానని మొహం మీద అనలేక అనే మాట అది. అన్నవాళ్ళూ మర్చిపోతారు, విన్నవాళ్ళూ మర్చిపోతారు, ఎవరికీ కోపం ఉండదు. రూతా వాళ్ళ ఊళ్ళో వస్తామన్నవాళ్ళు వస్తారు, రామన్నవాళ్ళు రారు, మధ్యలో మూడో మాట లేదు. అందులోనూ "తప్పకుండా" అంది కదా! సంతోషం పట్టలేక ఆ సాయంత్రమే హోటల్‌కి ఫోన్ చేసి ఇద్దరికి బల్ల చెప్పేసింది.

ఆదివారం కేలో ఆమెని గుర్తుపట్టాడు.

"ఈసారి ఇద్దరన్నమాట! శభాష్! అబ్బాయా, అమ్మాయా?"

"అమ్మాయండీ. మా క్లాసు."

"ఎవరైతేనేం, తినే నోరుంటే చాలు," అంటూ రెండు చెంచాలూ రెండు నాప్‌కిన్లూ ఎదురెదురుగా సర్దాడు.

పక్క బల్ల దగ్గర ఒక కుటుంబం అప్పటికే మూకుడు మీద పడి ఉంది. పెద్దావిడ చెంచాతో అల్లుడి చెంచాని ఠక్కున కొట్టింది.

"ఏమయ్యా అల్లుడూ, నా గట్టు తవ్వేస్తున్నావేం? నీ మడి నీకు లేదూ?"

"ఈ వయసులో అంతా తినలేరేమోనని, అత్తయ్యా!"

"నీ నోరు పడ! నిన్ను కూడా తినగలను."

అందరూ విరగబడి నవ్వారు. రూతా కూడా నవ్వింది. అన్నంలో ఎవరి వాటా వాళ్ళది, మధ్యలో గట్టు దాటకూడదు, అర్థమైంది. నూరియా వచ్చాక ఆమె గట్టు కావాలనే కొంచెం తవ్వాలి, చూడాలి ఏమంటుందో అనుకుంది. నేను వచ్చేశానని ఆమెకి మెసేజ్ పెట్టింది. జవాబు లేదు.

కేలో రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. మూడోసారి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

"లోపల మాంసం, చిక్కుళ్ళు, ఎసరు అన్నీ సిద్ధం. బియ్యం పొయ్యమంటావా? పోశాక ఇక ఆపడం కుదరదు, చూసుకో."

వద్దంటే లేచి వెళ్ళిపోవాలి. మళ్ళీ రావడమంటూ లేదు.

"పొయ్యండి."

"వస్తోందా మరి?"

"వస్తోంది."

అన్నం వచ్చింది. కుంకుమపువ్వు రంగులో, కోడి, కుందేలు ముక్కలతో, తెల్లటి లావు చిక్కుడు గింజలతో, అంచులు చిటపటలాడుతూ వచ్చింది. దాంతోపాటే నూరియా మెసేజూ వచ్చింది.

"అయ్యో రూతా! ఇవాళేనా? ఏదో మాటవరసకి అన్నావనుకున్నానే! అమ్మావాళ్ళింట్లో ఉన్నా, ఇక్కడా అన్నమే! వచ్చే ఆదివారం వెళ్దాం, నేను చెప్తాలే!" చివర బోలెడు ముద్దుల బొమ్మలు.

రూతా అది రెండుసార్లు చదివింది. వచ్చే ఆదివారం! గురువారం విమానమని చెప్తే కదా ముద్దు పెట్టింది! కోపం రావాలి, రాలేదు. తననెవరూ మోసం చెయ్యలేదు, ఇక్కడ తను ఎవరికీ అంత ముఖ్యం కాదు, అంతే. ఫోన్ బోర్లా పెట్టి, చెంచా తీసుకుని, తన వైపు అంచు నుంచి తినడం మొదలుపెట్టింది.

అన్నం చాలా బాగుంది. అదీ అన్యాయం.

సగానికి వచ్చి ఆగిపోయింది. అవతలి సగం చెక్కు చెదరలేదు. మూకుడు మధ్యలో తిన్నని గట్టు. ఒక్క మెతుకు కూడా దాటలేదు. పక్క బల్ల పెద్దావిడ ఒకసారి ఇటు చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

రూతా లేచింది. బిల్లుకేమో అనుకుని కేలో చెవి మీది పెన్ను తీశాడు. ఆ పిల్ల బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి అవతలి కుర్చీ లాక్కుని కూర్చుంది. మడత విప్పని నాప్‌కిన్ విప్పి ఒళ్ళో పరుచుకుంది. రెండో చెంచా తీసుకుని ఆ వైపు నుంచి తినసాగింది.

పక్క బల్ల పెద్దావిడ చెంచా దించి ఇటు తిరిగింది.

కేలో వచ్చి నిలబడ్డాడు. ముందు గ్లాసులో నీళ్ళు పోశాడు.

"వచ్చిందా మీ స్నేహితురాలు?" అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు.

రూతా ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూసింది.

"నాకే ఆలస్యమైపోయిందండీ," అంది. "పాపం, ఆ అమ్మాయి చాలాసేపు చూసి, ఒక్కతే తినేసి వెళ్ళిపోయింది."