కొండెక్కిన వెలుగు

మిట్టమధ్యాహ్నం మా ముందుగదిలో చీకటి. అమ్మాయి కిటికీ తెరలు లాగేసి, అంచులు కదలకుండా బట్టల క్లిప్పులు పెట్టింది. బల్ల మీద ల్యాప్‌టాప్, దాని పక్కన అట్టపెట్టె మూతంత నల్లటి ప్యాడ్. ప్యాడ్ నిండా చదరపు బటన్లు, పై అంచున ఒక వరుస గుండ్రటివి. బటన్ నొక్కితే ఒక శబ్దం, దాంతోపాటు ఒక వెలుగు. శబ్దం వాయించేవాడిది. వెలుగు మా అమ్మాయిది. ఏ వేలు పడితే ఏ రంగు రావాలి, అది పక్క బటన్లకు ఎలా పాకాలి అని చెప్పే సాఫ్ట్‌వేర్ రాస్తోంది. ఉద్యోగం మానేసి మరీ రాస్తోంది.

నేను కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. ఒలవడానికి కళ్లెందుకు, వేళ్లు చాలు. అమ్మాయి ఒక బటన్ నొక్కింది. నీలం చుక్క పడి, అలలు అలలుగా అంచుల దాకా పాకింది. పైకప్పంతా నీళ్లలా కదిలింది. ఒళ్లో గిన్నె, గిన్నెలో గింజలు, నా చేతులు అన్నీ నీలమయ్యాయి. చెరువు అడుగున కూర్చుని పని చేసుకుంటున్నట్టు ఉంది. అక్కడ ఊపిరి ఆడుతోంది కూడా.

"ఛ, ఆరిపోయింది" అంది అమ్మాయి.

"ఆ మాట అనకే. కొండెక్కింది అను."

"అమ్మా, ఇది దీపం కాదు, బటన్."

"వెలిగేదేదైనా అంతే."

వాళ్ల నాన్న ఎలక్ట్రీషియన్. ఫ్యూజు పోయినా ఆయనకు అదే మాట. "కొండెక్కిందోయ్! ఉండు, దింపుకొస్తా" అని స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని నిచ్చెన ఎక్కేవాడు. ఆయన పోయాక ఇంట్లో ఆ మాట అనేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

తలుపు చప్పుడైంది. వాయించే కుర్రాడొచ్చాడు. అమ్మాయితో కలిసి చదువుకున్నవాడే. ఒక్కచోట నిలవడని వాణ్ణి అందరూ పిడుగు అంటారు.

"ఏంటి పిన్నిగారూ, చీకట్లో వంటా?"

"నువ్వొస్తే వెలుగొస్తుందని కూర్చున్నా."

వాడు నవ్వాడు గానీ అమ్మాయి నవ్వలేదు. రేపు వాడి షో. ఈ వెలుగులు నచ్చితే వీటితో వాయిస్తాడు, లేదంటే పాతవాటితోనే. పాత ఆఫీసువాళ్లు తిరిగి రమ్మంటున్నారు, సాయంత్రంలోగా చెప్పాలి. వాడు సరేనంటే ఈ పని నిలుస్తుంది. కాదంటే సోమవారం నుంచి మళ్లీ ఆ బస్సు, ఆ సీటు, ఆ వాడిపోయిన మొహం.

పిడుగు వాయించాడు. గదంతా రంగుల వాన కురిసింది. గోడ మీది గడియారం ఒకసారి ఎరుపు, ఒకసారి ఆకుపచ్చ. పాట చివర వాడు చేతులెత్తాడు. అన్నీ ఒక్కసారిగా చీకటి.

"పాట ఇంకా చెవిలో ఉందే," అన్నాడు, "కంటికేమో కరెంటు పోయింది."

అమ్మాయి కీబోర్డు మీద ఏదో కొట్టింది. మళ్లీ వాయించాడు. ఈసారి వెలుగులు నెమ్మదిగా మసకబారాయి.

"ఇప్పుడు బ్యాటరీ అయిపోతున్న బొమ్మలా ఉంది. ఏమనుకోకు మేడమ్, రేపటికి నా పాతదే..."

"ఉండరా. టీ తాగి వెళ్లు" అన్నాను.

ముగ్గురికీ టీ పోసి తెచ్చాను. అమ్మాయి కప్పులోకి చూస్తూ కూర్చుంది. "అంతా బాగానే వచ్చింది. ఆరిపోవడం దగ్గరే చచ్చిపోతున్నా."

"ఒకదానికి రెండు పాడు మాటలు. కొండెక్కడం అనవే అంటే..."

అమ్మాయి తలెత్తింది. "అమ్మా, కొండెక్కితే ఎటు వెళ్తుంది?"

"ఎటేమిటే, పైకే."

"ఎలా?"

ఇన్నేళ్లలో నన్నెవరూ అలా అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

"ముందు ఒకసారి పెద్దగా వెలుగుతుంది. తర్వాత పైకి లేస్తుంది. ఇక్కడ ఉండదు, అంతే. లేదని కాదు."

అమ్మాయి కప్పు కింద పెట్టేసి బల్ల దగ్గరికి వెళ్లింది. చాలాసేపు కీబోర్డు చప్పుడే వినబడింది. పిడుగు టీ తాగేసి, బఠాణీలు ఒలిచినన్ని తినేస్తుంటే చేతి మీద ఒకటిచ్చాను.

"వాయించు" అంది అమ్మాయి.

వాయించాడు. పాట చివర వాడి వేళ్లు లేచాయి. లేచిన చోటల్లా వెలుగు ఒకసారి నిండుగా మెరిసి, పై బటన్‌లోకి వెళ్లింది. అక్కణ్ణుంచి ఆ పైదానిలోకి. తొందర లేదు. కింద వరుస ముందు ఖాళీ అయింది, ఊరు నిద్రపోతున్నట్టు. రంగులన్నీ ఎక్కుతూ ఎక్కుతూ సన్నబడి, అంచు దాటి ఎటో వెళ్లిపోయాయి. గుండ్రటి బటన్లలో ఒక్కటి మాత్రం పసుపు రంగులో అలాగే ఉండిపోయింది.

పిడుగు కూడా కాసేపు కదల్లేదు.

"అదొక్కటి పోలేదేం?" అన్నాడు.

అమ్మాయి ల్యాప్‌టాప్ తెర చూసుకుంది. "పై వరుసని ఆర్పమని రాయడం మర్చిపోయా. ఇప్పుడే..."

"ముట్టుకోకు. రేపు ఇదే వాయిస్తా." వాడి గొంతు తగ్గింది. "సరే గానీ, తర్వాతి పాటకి ఎలా? అది అక్కడే ఉంటే?"

అమ్మాయి నా వైపు చూడలేదు. ప్యాడ్ వైపే చూస్తూ, "ఉండు, దింపుకొస్తా" అంది.

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

కాసేపటికి అమ్మాయి ఫోన్ తీసి ఆఫీసుకు రానని రాసి పంపింది. తర్వాత తెర మీద ఈ కొత్త వెలుగుకు పేరు పెట్టింది. ఆ తెర మీద అంతవరకూ అంతా ఇంగ్లీషే, నాకు వచ్చిన అక్షరం ఒక్కటీ లేదు. లేచి దగ్గరికెళ్లి, గాజు మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాను. కొం... డె... క్కు.

"ఒత్తు ఉందా?" అంది అమ్మాయి.

"ఉంది."

అమ్మాయి నా వేలిని తెర మీంచి తీసి, ప్యాడ్ కింది బటన్ మీద పెట్టి నొక్కింది. పసుపు వెలుగు ఒక్కో మెట్టే దిగి నా వేలి దాకా వచ్చింది.