చివరి మెట్టు నుంచి లాకుల దాకా

ధవళేశ్వరం దిగువన కాలవ గట్టు మీదున్న ఆ లూథరన్ చర్చిలో కోతల పండుగంటే ముందు ఆరాధన, తర్వాత కానుకలుగా వచ్చిన కోళ్లకీ గుమ్మడికాయలకీ వేలంపాట, ఆఖరున మగవాళ్ల పరుగు పందెం. చర్చి చివరి మెట్టుకి కాలు ఆనించి నిలబడాలి. గంట కొట్టగానే, కాలవ నీళ్లు ఆపే తలుపులున్న లాకుల దాకా పరిగెత్తాలి. తాతల నాటి నియమం అది. మార్చే ధైర్యం ఏ పాస్టరుగారికీ లేకపోయింది.

రికార్డు కొట్టినవాడి పేరు చర్చి గోడ మీద రంగుతో రాస్తారు. పంచె ఎగ్గట్టి పరిగెత్తిన చిట్టియ్యది మొదటి పేరు. ఆయన్ని లాగు వేసుకున్న సుకుమార్ దాటాడు. సుకుమార్‌ని విజయ్ పాల్ దాటాడు. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఆ పేరు కింద సున్నం తప్ప ఏమీ పడలేదు. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా విజయ్ పాల్ గారు ఏం వెలగబెట్టారో ఎవరికీ తెలియదు గానీ, ఆ పరుగు సంగతి మాత్రం అక్కడికి బదిలీ మీద వచ్చిన ప్రతి ఇంజనీరుకీ తెలుసు. మొదటి రోజే ఆయన చెప్పేస్తారు.

అలాంటిది, మూడేళ్లుగా ఏటా రికార్డు బద్దలవుతోంది. మొదట సాల్మన్, మరుసటి ఏడు వాడి తమ్ముడు, కిందటేడు పండుగకి బిర్యానీ వండడానికొచ్చిన దొరబాబు. ఇదంతా ఖరీదైన బూట్ల మహిమని విజయ్ పాల్ గారు వాదించారు. దొరబాబు వట్టి కాళ్లతో, నడుముకి తువ్వాలు చుట్టుకుని పరిగెత్తాడు. ఆ రాత్రి ఆయనకి అన్నం సయించలేదు.

ఇక ఆయన పరువు నిలబెట్టేది చర్చి కమిటీ అధ్యక్ష పదవి ఒక్కటే. ఆ హోదాలో ఏటా పట్టుబట్టి చర్చి ముందు ఏదో ఒకటి కట్టిస్తూనే వచ్చారు. ఒక ఏడు పోర్టికో, మరో ఏడు దానికి మెట్లు, ఆ పై ఏడు మెట్ల ముందు పాలరాతి అరుగు, ఆ అరుక్కి మళ్లీ మెట్లు.

ఈ ఏడు తానే పందెంలో దిగుతానన్నారు. భార్య హెలెన్, హైస్కూల్లో లెక్కల టీచరు, మోకాళ్లు గుర్తుచేసి వద్దంది. ఆయన వినలేదు. అందరికన్నా ఆఖరున, పొట్ట పట్టుకుని, కుంటుతూ లాకులు చేరారు. తీరా పాస్టరుగారు ఫోన్లో చూసి చెబితే, అది విజయ్ పాల్ గారు కుర్రతనంలో కొట్టిన రికార్డు కన్నా తక్కువ సమయం!

ఆయనకి కళ్లనీళ్లు తిరిగాయి. సంఘమంతా చప్పట్లు కొట్టింది. హెలెన్ మాత్రం చీరకొంగుతో ఆయన మొహం తుడుస్తూ మెల్లగా అడిగింది.

"ఏవండీ, అప్పట్లో చివరి మెట్టు ఎక్కడుండేదండి?"

ఆయన వెనక్కి చూశారు. మెట్లు, అరుగు, మెట్లు, పోర్టికో. ఆనాడు తాను కాలు ఆనించిన చోట ఇప్పుడు పాస్టరుగారి స్కూటరు నీడపట్టున నిలబడి ఉంది. తన రికార్డుని తానే సిమెంటు పెట్టి పూడ్చేశారన్నమాట. ఆయన ప్రాణం ఉసూరుమంది.

"బ్యాగులో మీ ఆఫీసు టేపుందిగా. కొలిస్తే ఆ ముగ్గురి పేర్లూ చెరిపేస్తారు. మళ్లీ మీ పేరే ఆఖరిదవుతుంది," అంది హెలెన్.

నిజమే. కానీ కొలిస్తే ఈ రోజు పరుగు కూడా పోతుంది. ఈ వయసులో, ఈ పొట్టతో, కుర్ర విజయ్ పాల్‌ని ఓడించిన పరుగు.

"పండగ పూట టేపులేంటి హెలెన్," అన్నారు చివరికి.

సాయంత్రం కమిటీ మీటింగులో అధ్యక్షులవారే లేచి, పెద్దవాళ్లు దిగడానికి ఆ మెట్లు మరీ నిటారుగా ఉన్నాయని, వచ్చే కోతల పండుగలోగా వాటి ముందు ఇంకొన్ని వెడల్పాటి మెట్లు కట్టించాలని ప్రతిపాదించారు. ఎంతవరకు కట్టాలని పాస్టరుగారు అడిగారు.

"లాకుల దాకా చోటుంది కదండీ," అన్నారు విజయ్ పాల్ గారు.