నేను తినని కాలు

నేను ఒక ఇనప గొట్టాన్ని. మనిషిని కడుపులో పడుకోబెట్టుకుని తలుపు బిగించుకుంటాను. సముద్రంలో మునిగి ఓడల అడుగులు బాగుచేసేవాళ్ల కోసం నన్ను తయారుచేశారు. లోతు నుంచి గబుక్కున పైకొచ్చి మెలికలు తిరిగిపోయేవాళ్లని నాలో పెట్టి బతికించేవారు. ఆ కంపెనీ మూతపడ్డాక బెజవాడలో ఒక ఆసుపత్రి నన్ను కొనుక్కుంది. సముద్రం వాళ్లు చెప్పిన మాట వినేవాళ్లు. కోపం నాకు ఇక్కడికొచ్చాకే అలవాటైంది.

పోలయ్య సంగతే చెబుతాను. సందు చివర బండి మీద బట్టలు ఇస్త్రీ చేసేవాడు. షుగర్ ముదిరి పాదాలు మొద్దుబారాయి. అలాంటివాడు భవానీ దీక్ష తీసుకుని చెప్పులు వదిలేశాడు. తొలివారంలోనే ఇస్త్రీపెట్టెలోంచి నిప్పు జారి పాదం మీద పడింది. కమురు వాసన వస్తే ఎవరింట్లోనో దోసె మాడిందనుకున్నాడట మహానుభావుడు. పుండు నల్లబడి, మందులకి లొంగకపోతే నా దగ్గరికి పంపారు.

మొదటిరోజే పేచీ. కట్టుకున్న ఎర్రపంచె పాలిస్టర్‌ది. నాలో నిండేది ఆక్సిజన్, అలాంటి బట్ట రాపిడికి చిన్న నిప్పురవ్వ పుట్టినా లోపలి మనిషి మసైపోతాడు. నూలుబట్ట కట్టుకోమంటే, దీక్షబట్ట విప్పనని భీష్మించుకు కూర్చున్నాడు. చివరికి అతని భార్య నాంచారమ్మ బజారంతా తిరిగి ఎర్ర నూలుపంచె తెచ్చింది.

నా పనేమీ మాయ కాదు. లోపల గాలి ఒత్తిడి పెంచి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తాను. ఆ ఒత్తిడికి అది నెత్తుట్లో మామూలుకంటే ఎన్నో రెట్లు కరిగి, నాళాలు పూడుకుపోయిన చోటికీ ఎంతోకొంత చేరుతుంది. ఊపిరాడక చచ్చిపోతున్న కండ తేరుకుంటుంది, క్రిములతో పోరాడుతుంది, కొత్త నాళాలు మొలుస్తాయి. రోజూ గంటన్నర చొప్పున వారాల తరబడి సాగే పని ఇది. పుండు శుభ్రం చేయకుండా, షుగర్ అదుపులో పెట్టకుండా, ఆ పాదం మీద బరువు మోపుతుంటే నేనొక్కదాన్నే ఏం చెయ్యలేను. డాక్టరు వసుధ ఈ మాట ఆ దంపతులకి రోజూ చెప్పేది. పోలయ్యకి చెప్పడం గోడకి చెప్పుకున్నట్టే.

మూడోవారానికి పుండు అడుగున ఎర్రగా కొత్త కండ వేసింది. చెవులు దిబ్బడ పడుతున్నాయని రోజూ సణిగే మనిషి ఆరోజు నవ్వాడు. సిగ్గులేకుండా నేనూ మురిసిపోయాను.

అక్కడే కొంప మునిగింది. దీక్ష విరమణ దగ్గరపడింది. చెప్పుల్లేకుండా అమ్మవారి కొండ చుట్టూ నడిచొస్తానన్నాడు. డాక్టరు వద్దంది. దీక్ష ఇచ్చిన గురుభవాని స్వయంగా వచ్చి, "ఒంట్లో బాగాలేనివాళ్లకి నడక అక్కర్లేదు భవానీ. ఆటోలో రా, అమ్మ ఏమీ అనుకోదు" అన్నాడు.

"మానిపోయిందిగా" అన్నాడు పోలయ్య.

నాంచారమ్మ నోరు విప్పబోయింది. మాలలో ఉన్న మనిషికి ఎదురు చెప్పకూడదని ఆ మాట మింగేసింది.

నడిచాడు. కాలు తెలియనివాడికి నొప్పేం తెలుస్తుంది? కొత్త కండ చిట్లింది, మట్టి దూరింది, చీము ఎముక దాకా పాకింది. ఈసారి నాలో పెట్టలేదు, సరాసరి ఆపరేషన్‌కి తీసుకెళ్లి మోకాలి కింద తీసేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. బాగుపడుతున్న కాలది!

ఆ కోత మానడానికి మళ్లీ నాలోకే పంపారు. మానింది. ఆఖరిరోజు చక్రాలకుర్చీలో కూర్చుని, వంతు కోసం చూస్తున్న ఒకావిడతో పోలయ్య అంటున్నాడు: "జాగ్రత్తమ్మా. ప్రాణం అమ్మవారు కాపాడింది. కాలు మాత్రం ఈ మిషన్ తినేసింది."

ఆవిడ తన కట్టుకట్టిన మడమకేసి చూసుకుని లేచింది. వెళ్లిపోయేలా ఉంది. నాకే నోరుంటే ఆ పూట పోలయ్యని కడిగేసేదాన్ని.

నాంచారమ్మకి ఉంది. "మిషన్ తినలేదు. నీ పంతం తింది" అంది, గొంతు పెంచకుండా. "మాలలో ఉన్నావని నోరు మూసుకున్నా చూడు, సగం నేనే వండిపెట్టా."

పోలయ్య చక్రాలు తిప్పుకుని దారిచ్చాడు. నాంచారమ్మ ఆవిడ ముందు చెయ్యి చాపింది.

"గాజులు తీసివ్వమ్మా, లోపలికి అవి ఉండకూడదు. నువ్వొచ్చేదాకా నేను పట్టుకుంటా."

ఆవిడ ఒకసారి బయటి గుమ్మంకేసి, ఒకసారి నాకేసి చూసింది. తర్వాత ఒక్కొక్క గాజే తీసి నాంచారమ్మ చేతిలో పెట్టి, కుంటుకుంటూ నాలోకి వచ్చి పడుకుంది.