కొత్తవలస కోడలి చివరి రీలు

కిరండూల్ టౌన్‌షిప్‌లో, రాష్ట్రం దాటి ఇనుప గనుల పనికి వచ్చిన తెలుగు కుటుంబాలన్నీ ఒక పొరపాటును అంత గట్టిగా నమ్మడానికి మూలకారణం ఎవరి దురుద్దేశమూ కాదు, అరకు కొండల్లో విరిగిపడిన ఒక కొండచరియ. తొంభైల మొదట్లో నెలకొక తెలుగు సినిమా విశాఖపట్నం నుంచి పాసింజరు బండిలో, రేకు డబ్బాల్లో వచ్చేది. ఆ వర్షాకాలం ‘కొత్తవలస కోడలు’ అనే సినిమా డబ్బాలు రెండు బళ్ళలో బయలుదేరాయి. మొదటి బండి చేరింది. రెండో బండి, సినిమా చివరి రీలుతో సహా, కొండల మధ్య ఆగి, అక్కణ్ణించే వెనక్కి మళ్ళింది. అప్పటికే ఆరుబయట తెర ముందు జనం చాపలు పరుచుకుని కూర్చున్నారు కనుక ఉన్నంతవరకు ఆడించారు. తాగి వచ్చిన మొగుణ్ణి బయటే నిలబెట్టి కథానాయిక వరాలు తలుపు మూసింది. తెర తెల్లబడింది. లైట్లు వెలిగాయి. శుభం అన్న అక్షరాలు పడలేదేమని ఒకరిద్దరు అనుకున్నారు గాని, మొగుడి ముఖాన తలుపు వేశాక ఇంకా శుభమేమిటని మిగతావాళ్ళు సర్దిచెప్పారు.

అసలైన చివరి రీలులో ఏముందో ఆ ఊళ్ళో ఒక్క ఇంద్రాణికే తెలుసు. పెళ్ళికి ముందు విజయనగరంలో, అమ్మతో కలిసి, హాల్లో బెంచీ మీద కూర్చుని ఆ సినిమాను ఆసాంతం చూసింది. తెల్లవారాక వరాలు తలుపు తీస్తుంది. వానలో తడిసి జ్వరం తెచ్చుకున్న మొగుడి కాళ్ళ మీద పడి ఏడుస్తుంది. అత్తగారు మనసు మార్చుకుంటుంది. అందరూ కలిసి ఫోటో దిగుతారు. ఆ ఏడాది చివర గవర్రాజు భార్యగా కిరండూల్‌కు వచ్చిన ఇంద్రాణి, ఇరుగుపొరుగుతో మాట కలపడానికి ఇంతకంటే మంచి విషయం దొరకదనుకుని, ఆ ముగింపును వాళ్ళకు చెప్పింది.

అది చాలా పెద్ద తప్పు. ఎందుకంటే అప్పటికి ఆ మూసిన తలుపు టౌన్‌షిప్‌లో ఒక సినిమాగా మిగల్లేదు. ఎదురు క్వార్టర్‌లోని ఉమామహేశ్వరి, సినిమా ఆడిన వారమే, చంటిబిడ్డను చంకనేసుకుని, తాగివచ్చిన భర్త శ్యామ్‌ప్రసాద్‌ను బయట పెట్టి గడియ వేసింది. అతను స్నేహితుల వరండాల్లో పడుకుని, పడుకుని, చివరికి సీసా మానేశాడు. ఆమెను చూసి మరికొందరు గడియలు వేశారు. వాళ్ళందరి సంసారాలూ ఎంతోకొంత బాగుపడ్డాయి. అటువంటి వాళ్ళ దగ్గరకు నిన్నగాక మొన్న వచ్చిన కొత్త కోడలు, ‘ఆ తలుపు పొద్దున్నే తీసేస్తుందండీ’ అంటే ఎవరు సహిస్తారు? నిజం తెలిసిన ఇంద్రాణి మాత్రం వరాలు లాగే ఏ వేళప్పుడైనా తలుపు తీస్తూ వచ్చింది; గవర్రాజు ఈనాటికీ వేళకు ఇల్లు చేరడు. ఈ రెంటికీ గల సంబంధాన్ని ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

ఆమె ఆలోచించినదల్లా తన మాట విలువ గురించే. ఆ రోజు నుంచి ఆమె ఏం చెప్పినా, ‘ఇది కూడా నీ సినిమా లాంటిదేనా’ అనడం వాడకట్టు అలవాటయింది. పై కాలనీలో కామెర్లు తిరుగుతున్నాయి, నీళ్ళు మరిగించుకోండని ఒక ఎండాకాలం ఆమె ఇంటింటికీ తిరిగి చెబితే, అందరూ నవ్వి, ఆ తర్వాత మంచం పట్టారు. పట్టినవాళ్ళు కూడా ఆమె చెప్పిందని ఒప్పుకోలేదు, చెప్పినట్టు గుర్తులేదన్నారు. సినిమా చూపించి నోళ్ళు మూయిద్దామా అంటే అది ఎక్కడా దొరకదు. ఫోనులో వెతికితే రెండు పాటలు వస్తాయి, అంతే. ముప్ఫై ఏళ్ళు దాటినా ఇంద్రాణికి ఒకే కోరిక మిగిలింది: ఎవరో ఒకరు, ఈ ఊరివాళ్ళు కానివాళ్ళు, ఆ తలుపు తెరుచుకుందని నలుగురి ముందూ చెప్పాలి.

ఆ అవకాశం ఉమామహేశ్వరి ఇంటికే, ఆమె కోడలు శాంతిప్రియ చేతిసంచిలో వచ్చింది. సబ్బుపెట్టె కంటే పెద్దది కాని అట్టపెట్టె. పైన ‘ఒకే మాట’ అని పేరు. లోపల పేకముక్కల్లాంటి కార్డులు, ఒక ఇసుక గడియారం, అట్టతో చేసిన మూడు దీపాలు. ఒక్కో కార్డు మీద తెలుగు సినిమా గురించి ఒక ప్రశ్న ఉంటుంది, వెనుక జవాబు. ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్ళ కిట్టీ పార్టీకి అది సరిగ్గా సరిపోతుందని ఆ అమ్మాయి అనుకుంది. ఇందులో పోటీ లేదని, గెలిస్తే అందరూ గెలుస్తారని, ఓడితే అందరూ ఓడతారని వివరించింది.

ఉమామహేశ్వరికి ఇది అర్థం కాలేదు. “మరి ఫస్టెవులు?” అంది.

“ఎవరూ ఉండరు అత్తయ్యా. అందరం కలిసి పెట్టెతో ఆడతాం.”

“పెట్టెతోనా? బాగుందే. ఫస్టు లేకపోతే ప్రైజెవులికిస్తాం?”

నియమాలు కొద్దిపాటివే. ఇసుక జారేలోగా అందరూ ఒకే జవాబు మీదకు రావాలి. వచ్చాక కార్డు తిప్పుతారు. జవాబు తప్పయితే ఒక దీపం పోతుంది. ఒప్పందం కుదరకపోయినా దీపం పోతుంది, పైగా ఆ కార్డును తిప్పకుండానే పెట్టెలో పెట్టేయాలి. కార్డులు అయ్యేసరికి ఒక్క దీపమైనా మిగిలితే గెలుపు.

ఈ ఆట తయారుచేసినవాళ్ళకు టౌన్‌షిప్ మర్యాదలు తెలియవు. మొదటి దీపం ఎవరికీ జవాబు తెలియక పోలేదు. రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే అప్పలనరసమ్మ అందరిలోకి పెద్దది. ఆవిడ నోరు తెరవకుండా మిగతావాళ్ళు తెరవడం పద్ధతి కాదు. ఆవిడేమో తమలపాకు నముల్తోంది. ఇసుక జారిపోయింది. రెండో దీపం ఇంద్రాణి వల్ల పోయింది, అంటే ఆమె సరైన జవాబు చెప్పడం వల్ల. ఒక పాత సినిమాలో పడవవాడి కుక్క పేరు అడిగితే, ఆమె చెప్పింది కనుక అది కాదని నిశ్చయించుకుని, మిగతా అందరూ ఇంకో పేరు మీద ఏకమై, ఆమె చేత కూడా సరేననిపించారు. కార్డు తిప్పాక ఎవరూ ఆమె వైపు చూడలేదు. “అచ్చుతప్పు అయ్యుంతది” అంది అప్పలనరసమ్మ.

ఆ తర్వాత అదృష్టం కొద్దీ తేలిక ప్రశ్నలు వచ్చాయి. ఒక్క దీపంతో చివరి కార్డు దాకా చేరారు. శాంతిప్రియ గడియారం తిప్పి, చదివింది: ‘కొత్తవలస కోడలు’ సినిమా చివర్లో వరాలు ఏం చేస్తుంది?

అందరి చూపులూ ఒక్కసారిగా ఇంద్రాణి మీద పడ్డాయి. ఉమామహేశ్వరి తన మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, “తలుపేసేస్తాది. ఇందులో అడగడానికేటుంది?” అని, “ఇంద్రాణీ, నువ్వు అడ్డం పడకమ్మా. ఒక్కటే దీపం ఉంది” అంది.

ఇంద్రాణి ఇసుక వైపు చూస్తూ కారణాలనూ ఫలితాలనూ వరుసగా పేర్చుకుంది. తాను కాదంటే ఒప్పందం ఉండదు. ఒప్పందం లేకపోతే కార్డు తిప్పరు. తిప్పకపోతే వెనుక ఉన్న నిజం పెట్టెలోకి వెళ్ళిపోతుంది, ఆట చెడగొట్టిన పేరు మాత్రం తనకు మిగులుతుంది. నిజం బయటపడాలంటే తాను ముందు అబద్ధానికి ఒప్పుకోవాలి. అందరూ కలిసి ఓడిపోయినప్పుడే తాను గెలుస్తుంది. ఇంత చక్కని ఏర్పాటు జీవితంలో మళ్ళీ దొరకదు.

“సరే వదినా,” అంది. “తలుపు మూసేస్తుంది.”

అప్పలనరసమ్మ నమలడం ఆపింది. “నిజంగానే అంటన్నావేటే?”

“నిజంగానే పిన్నీ. అందరిదీ ఒకే మాట.”

శాంతిప్రియ కార్డు తిప్పింది. ఇంద్రాణి ఆ క్షణంలో వేసుకోవలసిన ముఖాన్ని అప్పటికే సిద్ధం చేసుకుంది. విజయగర్వం లేకుండా, కొంచెం జాలితో.

“తలుపు మూసి, భర్తను బయటే ఉంచేస్తుంది,” అని చదివింది శాంతిప్రియ. “కరెక్ట్! గెలిచాం.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఇంద్రాణి చేయి చాచి కార్డు తీసుకుంది. అచ్చు స్పష్టంగా, నల్లగా, మంచి కాగితం మీద ఉంది. పొరపాటున ఇంకో సినిమా కాదు కదా అని ప్రశ్న మళ్ళీ చదివింది.

“ఇది మన అభిషేక్ పంపిన ప్రశ్నే పిన్నీ,” అంది శాంతిప్రియ, భర్త గురించి చెప్పుకునే సంతోషంతో. “ఆట తయారుచేసేటప్పుడు హైదరాబాదు వాళ్ళు, మీ ఊళ్ళో అందరికీ గుర్తున్న సినిమా ఏదైనా ఉంటే పంపండి అని అడిగారు. ఆయన కొన్ని పంపితే ఇదొక్కటే తీసుకున్నారు.”

“ఊరికే తీసుకుంతారేటి?” అంది ఉమామహేశ్వరి. “అంత పెద్ద కంపెనీ. జాంచ్ చేసుంతారు, సరిచూసుకోకుండా అచ్చెయ్యరు.”

ఇంద్రాణి మెల్లగా అడిగింది. “ఎవర్ని అడిగి జాంచ్ చేశారమ్మా?”

“ఫోన్ చేశారు పిన్నీ. సినిమా ఎక్కడా దొరకలేదట, చూసిన పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా అన్నారు. మా అత్తయ్య, అప్పలనరసమ్మ మామ్మగారు మాట్లాడారు. ఇద్దరూ వేరువేరుగా ఒకే సంగతి చెప్పారని వాళ్ళు చాలా మెచ్చుకున్నారు.”

ఈ మాటలు గదిలో ఉన్నవాళ్ళందరూ విన్నారు. విని, ఎవరికీ ఏమీ అనిపించలేదు. పైగా ఫోనులో తాను ఎంత పద్ధతిగా మాట్లాడిందో అప్పలనరసమ్మ చెప్పడం మొదలుపెట్టింది.

ఒక్క ప్రశ్న చాలు. మీరు చెప్పిందే వాళ్ళు అచ్చువేసి మీకే చూపిస్తే అది సాక్ష్యమెలా అవుతుంది? ఇంద్రాణి ఆ ప్రశ్నను నాలుక చివరిదాకా తెచ్చుకుంది. విశ్వవిద్యాలయంలో తర్కశాస్త్రం చదివినవాడైనా దానికి జవాబు చెప్పలేడు. అయితే ఈ గదిలో తర్కశాస్త్రం చదివినవాళ్ళు లేరు. తలుపులు మూసి సంసారాలు నిలబెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు దానికి జవాబు అవసరం లేదు.

ఇంద్రాణి ఇంకా నోరు విప్పకముందే ఉమామహేశ్వరి లేచి వచ్చి, ఆమె పక్కన కుర్చీ లాగి కూర్చుంది. ఇన్నేళ్ళలో ఉమామహేశ్వరి అలా కూర్చోవడం అదే మొదలు. “నీదెప్పుడూ మొండిపట్టనుకున్నాను గానీ, ఇవేళ టీమును నిలబెట్టీసావు,” అంది. ఆ వెంటనే మామూలు గొంతుతో, “బుధవారం మేం వైజాగ్ ఎల్దామనుకుంతన్నాం. ఘాట్‌లో వానలంట. బండి ఎల్తాదంతావా?” అని అడిగింది.

“నాకైతే నమ్మకం లేదు వదినా. అరకు దాకే నడుపుతారేమో.”

“అయితే కాన్సిల్ చేసీమంతాను,” అని, ఉమామహేశ్వరి అక్కడికక్కడే భర్తకు ఫోన్ చేసింది. ఎవర్నీ ఇంకోసారి అడగలేదు. ఇంద్రాణి చెప్పింది అని మాత్రం రెండుసార్లు అంది.

ముప్ఫై ఏళ్ళు నిజం చెప్పి పోగొట్టుకున్న పరువు ఒక్క అబద్ధంతో తిరిగి వచ్చేసింది. అంత తొందరగా వచ్చినదాన్ని తిరస్కరించాలంటే చాలా ధైర్యం కావాలి. మంచి కాఫీ వచ్చింది. పళ్ళెంలో జంతికలు మొదట ఆమె వైపే జరిగాయి. పక్క లైనులో కొత్తగా దిగినావిడ ఒకరు తన కొడుకు దగ్గుకు ఏం వాడాలని ఆమెనే అడిగింది.

శాంతిప్రియ కార్డులు సర్దుతూ తలెత్తింది. “పిన్నీ, మీరు ఆ సినిమా విజయనగరంలో పెద్ద హాల్లో చూశారట కదా, ఇక్కడ తెరగుడ్డ మీద కాకుండా. ఆ చివరి సీను ఎలా ఉంటుందో చెప్పరూ. ఈయన చెప్తే ఏదీ కళ్ళకు కట్టదు.”

అందరి చూపులూ మళ్ళీ ఇంద్రాణి మీద పడ్డాయి. ఈసారి అవి వేరే చూపులు. అందరూ మర్యాదగా, కథ వినడానికి ముందుకు వంగారు. ఇంద్రాణి కాఫీ గ్లాసు కింద పెట్టింది.

“వాన పడుతూ ఉంటుంది,” అని మొదలుపెట్టింది. “మొగుడు గుమ్మంలో నిలబడి వరాలూ, వరాలూ అంటాడు. అది ఏమీ అనదు. కాసేపు అతని ముఖంలోకి చూస్తుంది. తర్వాత ఎడమ చేత్తో తలుపు మూసేస్తుంది. అంతే.”

చెప్పాక, ఇది తాను చూసిన ముగింపు కంటే బాగుందని ఆమెకు తెలిసి, కాస్త కోపం వచ్చింది.

“ఎడమ చెయ్యి కాదే,” అంది అప్పలనరసమ్మ. “ఎడం చేతిలో లాంతరుంతాది. కుడి చేత్తో మూసింది.”

“అవును పిన్నీ,” అంది ఇంద్రాణి. “కుడి చేత్తోనే.”