పాటలో నిలబడ్డ మనిషి

కిటికీ ఊచలు తుడుస్తుంటే హాల్లోంచి పాట మొదలైంది. మా ఇంటికొచ్చిన ఎదురింటి పిన్నిగారికి అత్తయ్య తన ఫోన్లో వినిపిస్తున్నారు. మంచుకొండ మీద కాపలా కాసే నా భర్త తన గొంతుతో పాడి పంపిన పాట.

"దీపాల వేళ గుమ్మాన నిలిచినామెకు చెప్పవే గాలీ, దూరాన ఉన్నా నా అడుగులు ఇంటివైపేనని..."

పిన్నిగారు ముక్కు చీదారు. "అదృష్టవంతురాలివే అమ్మాయ్! మా ఆయన నా మీద పాట కాదు కదా, ఒక మంచి మాటైనా అన్న పాపాన పోలేదు."

నవ్వి, గుడ్డ పిండి మళ్ళీ తుడిచాను. నిజానికి అతను సెలవు ముగించుకుని వెళ్ళిన ఆ సాయంత్రం నేను గుమ్మంలో నిలబడింది పాలవాడి కోసం. మామయ్య టీ సంగతి గదిలోంచి దగ్గుతూ గుర్తుచేస్తున్నారు. అతను వీధి మలుపులో వెనక్కి తిరిగి చూశాడు. అంతే, పాటలోకి ఎక్కించేశాడు.

అప్పట్నుంచి ఈ ఇల్లు కదలడం మానేసింది. తలుపు పెచ్చులూడుతున్నా రంగు మార్చనివ్వరు, పాటలో అది నీలం తలుపు. జుట్టు కాస్త కత్తిరించుకుంటానంటే, "వాడు జడ అని పాడాడుగా" అన్నారు అత్తయ్య. సాయంత్రం గుమ్మంలో కనబడకపోతే వీధిలో పోయేవాళ్ళు సైతం ఆరా తీస్తారు. అక్కడ భోజనాలయ్యాక సిపాయిలందరూ ఈ పాటే పాడించుకుంటారట. ఎవరి ఇల్లు వాళ్ళు తలుచుకుని కళ్ళు తుడుచుకుంటారట. అతని దిగులు అబద్ధం కాదు. రెండో చరణంలో ఆ గొంతు వణకడం నాకూ వినిపిస్తుంది. అందుకే కోపం వచ్చిన మరుక్షణం నా మీద నాకే రోత. అతనికి అప్పుడప్పుడైనా సెలవు దొరుకుతుంది. నా కాపలాకి సెలవు లేదు.

బట్టల కంపెనీ నుంచి చొక్కాలు తెచ్చుకుని ఇంట్లోనే గుండీలు కుడుతుంటాను. నిన్న అక్కడి సూపర్‌వైజరక్క అంది. "నీ చెయ్యి బాగుందే. సాయంత్రం షిఫ్టులో మిషన్ ఖాళీ అయింది. రేపొచ్చి కూర్చుంటే నీదే. రాలేదనుకో, ఇంకొకర్ని కూర్చోబెట్టుకుంటా. ఏమనుకోకు."

రాత్రి అతనికి ఫోన్ చేసి చెప్పాను.

"ఇంట్లో నీకేం తక్కువైంది?"

"తక్కువై కాదండీ. నాకు వెళ్ళాలనుంది."

గాలి హోరులో మెల్లగా అన్నాడు. "నువ్వు గుమ్మంలో లేకపోతే నేను ఏ ఇంటిని తలుచుకోవాలి చెప్పు?"

తిడితే ఎదురు చెప్పేదాన్నేమో. బతిమాలాడు. "సరే, పడుకోండి" అని పెట్టేశాను. ఏ సరేనో అతను అడగలేదు.

"ఇంకోసారి పెట్టు వదినా" అంటున్నారు పిన్నిగారు. పాట మళ్ళీ మొదలైంది.

షిఫ్టు వేళైంది. గుడ్డ ఆరేసి, చేతులు తుడుచుకుని చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికే ఈ వేళప్పుడు? వాడి పాట వస్తుంటే!" అన్నారు అత్తయ్య.

ఎప్పుడు బయటికెళ్ళినా 'వెళ్ళొస్తానత్తయ్యా' అని, ఆవిడ తలూపేదాకా ఆగడం నా అలవాటు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అన్నానా, మళ్ళీ అనుమతి అడిగినట్టే.

పెదవులు బిగించి గడప దాటాను.