వెనక లంగరు

నోవహు ఎక్కడికి పోయినా ముందు తిరిగి వచ్చే దారి చూసుకుంటాడు. కళ్ళు బాగున్న రోజుల్లో రాంగోపాల్‌పేట్ సందుల్లోకి సైకిలు మీద పోయినా సరే, దాన్ని వెనక్కి తిప్పి, ముందు చక్రం పెద్ద రోడ్డు వైపు పెట్టి గాని కొట్లోకి అడుగు పెట్టేవాడు కాదు. చర్చిలో తలుపు పక్క బల్ల ఆయనది. బన్సీలాల్‌పేట్‌లో ఇరుగుపొరుగుకు ఇదొక నవ్వులాట. ఆయనకు మాత్రం కాదు. ఓడ నేర్పిన బుద్ధి అది.

ఆ ఓడ పేరు గండక. మామూలు ఓడలు రేవుకు వచ్చి పక్కన ఆగుతాయి. గండక రేవు లేని చోటికి పోయే ఓడ. సూటిగా ఒడ్డు మీదికి వచ్చి ఇసుకలో మూతి దూర్చేది. మూతికి ఉన్న రెండు తలుపులు తెరుచుకునేవి. లోపలి నుంచి ఇనుప పలక వంతెనలా దిగేది. కడుపులో ఉన్న ట్యాంకులు గర్జించుకుంటూ ఇసుక మీదికి పోయేవి. మరి ఇసుకలో కూరుకున్న ఓడ మళ్ళీ నీళ్ళలోకి ఎలా పోవాలి? అందుకని ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే వెనక నుంచి ఒక లంగరు సముద్రంలో వదిలేవాళ్ళు. దాని ఇనుప తాడును వదులుకుంటూ ముందుకు పోయేవాళ్ళు. పని అయ్యాక, పోటు నీళ్ళు తగ్గకముందే ఆ తాడును చుట్టుకుంటూ ఓడ తనను తానే వెనక్కి లాక్కునేది.

నోవహు పని మూతి తలుపుల దగ్గర. ట్యాంకు కదిలే ముందు దాని ఇనుప ఒంటిని అరచేత్తో రెండుసార్లు చరిచేవాడు. దారి బాగుంది, పో అని దాని అర్థం. ఆ ఇంజన్ల మోతలో అది ఎవరికైనా వినపడేదో లేదో తెలియదు. అయినా చరిచేవాడు. ట్యాంకులు లేని రోజుల్లో గండక దీవులకు సిమెంటు మోసింది, టపా మోసింది, పాల కోసం గేదెల్ని కూడా మోసింది. బైబిల్లో ప్రళయం ముందు జంతువుల్ని జతలు జతలుగా ఓడ ఎక్కించి, నేల జాడకు పావురాన్ని వదిలిన మనిషి పేరూ నోవహే, అందుకని గేదెల్ని ఎక్కించే రోజు ఓడంతా ఒకటే అరుపులు. “నోవహూ, జతలు సరిపోయాయా?” అని ఒకడు, “పావురాన్ని మరిచిపోకయ్యా!” అని ఇంకొకడు. నోవహు నవ్వేవాడు కాదు, కోపపడేవాడూ కాదు. గేదె ఒంటిని కూడా రెండుసార్లు చరిచేవాడు.

నౌకాదళం నుంచి బయటికి వచ్చాక మౌలాలి రైల్వే షెడ్డులో పని దొరికి, భీమిలి మనిషి సికింద్రాబాదు మనిషి అయ్యాడు. సముద్రం ఊసు ఎత్తేవాడు కాదు. ఎత్తినా ఇక్కడ వినేవాడెవడు? ఒక్క సదాశివ ఉండేవాడు.

సదాశివది రాంగోపాల్‌పేట్. సైన్యంలో ట్యాంకు డ్రైవరుగా చేసి వచ్చాడు. గండక కడుపులో రెండుసార్లు పోయాడు. రాణీగంజ్ ఇరానీ హోటల్లో సాయంత్రం చాయ్ దగ్గర ఇద్దరికీ రోజూ అదే వాదం.

“గదేం ఓడనన్నా? ఇనుప తొట్టి! నా పేగులు సుత కక్కిన గండ్ల,” అనేవాడు సదాశివ.

“అడుగు బల్లపరుపుగా ఉంటేనే కదా ఒడ్డెక్కేది. ఊగదేటి మరి?”

“ఊగుడా గది? పిండి జల్లెడ పట్టినట్టు పట్టింది నన్ను!”

ఆ చలికాలంలో విశాఖ నుంచి ఒక కార్డు వచ్చింది. గండకను సర్వీసు నుంచి తీసేస్తున్నారు. పాత సిబ్బంది రావచ్చు. సూర్యాస్తమయానికి జెండా చివరిసారి దించుతారు. ఆ తరువాత ఓడను విడగొట్టి ఇనుముగా అమ్ముతారు. కూతురు ఆలిస్ బడిలో టీచరు. ఆమె కార్డును రెండుసార్లు చదివి వినిపించింది. నోవహు లేచి, పెట్టె తీసి, తెల్ల చొక్కాను ఎండలో ఆరేశాడు.

ఆలిస్‌కు అర్థమైంది. ఆమె బాధ ఆమెకు ఉంది. తండ్రికి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఎదురుగా వచ్చే బస్సు కూడా మసక ముద్దలా కనపడుతోంది. కంటి ఆసుపత్రి చుట్టూ నెలల తరబడి తిరిగితే ఆపరేషనుకు రోజు దొరికింది. జెండా దించే రోజుకు మర్నాడే అది. తప్పిపోతే మళ్ళీ ఎండాకాలం దాటాకే.

“పో నాన్నా, వద్దనను. కానీ తిరుగు టిక్కెట్టు చేతిలో ఉండాలి. మర్నాడు పొద్దున స్టేషను నుంచి సూటిగా ఆసుపత్రికే. ఇంకొకటి, ఒక్కడివే పోవద్దు.”

ఆ సాయంత్రం హోటల్లో నోవహు చాయ్ సాసర్‌లో పోసుకుని చాలాసేపు ఊదాడు.

“సదాశివ, నాకు కనపడదు. నువ్వొచ్చి చూసి చెప్పాలి.”

సదాశివ కప్పు కింద పెట్టాడు. ఆ ఓడ మొహం మళ్ళీ చూడనని కొమురెల్లి మల్లన్న మీద ఒట్టేసుకున్న మనిషి.

“ఓడ కట్టేసే ఉంటదా?”

“కట్టేసే ఉంటుంది.”

“ఊగదు గద?”

నోవహు అబద్ధం చెప్పలేడు. “నీళ్ళ మీద ఉన్నాక... కాస్త.”

“ఏం మనిషివన్నా నువ్వు! సరే తియ్యి, నిమ్మకాయలు తెచ్చుకుంట.”

రిజర్వేషను కౌంటరులో నోవహు తన అలవాటు ప్రకారమే నడిచాడు. ముందు విశాఖ నుంచి వచ్చే టిక్కెట్లు ఇవ్వమన్నాడు, పోయేవి తరువాత. “పోకుండనే ఎట్లొస్తవ్ తాతా?” అని గుమాస్తా నవ్వాడు. సాయంత్రం బండికి రెండు బెర్తులు దొరికాయి. తన కాలంలో ఆ బండి బాగా చీకటి పడితే గాని విశాఖ నుంచి కదిలేది కాదు. ఇంకేమీ అడగకుండా టిక్కెట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అందులో ఉన్న చిన్న అక్షరాలు ఆయనకు కనపడవు.

బయలుదేరే రోజు ముగ్గురూ సికింద్రాబాద్ స్టేషనుకు వచ్చారు. ఆలిస్ పులిహోర డబ్బా, నీళ్ళ సీసా లోపల సర్ది, ఇద్దరినీ కిటికీ పక్కన కూర్చోబెట్టి కిందికి దిగింది. బెర్తు నంబర్లు ఒకసారి చూస్తానని కిటికీలోంచి టిక్కెట్లు అడిగింది. చూస్తూ చూస్తూ ఆగిపోయింది.

“నాన్నా... జెండా ఎప్పుడు దించుతారు?”

“పొద్దు గుంకినప్పుడు.”

“రేపు మీరు తిరిగి ఎక్కాల్సిన బండి అంతకుముందే వెళ్ళిపోతుంది. టైము మార్చారు నాన్నా. మీరు మధ్యాహ్నం ఎండలోనే ఓడ దిగి స్టేషనుకు రావాలి.”

ప్లాట్‌ఫారం మీద ఒకడు సమోసాలు, సమోసాలు అంటూ అటు నుంచి ఇటు పోయాడు. నోవహు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. జెండా దిగడం చూడకపోతే పోవడం ఎందుకు? చూడాలంటే రాత్రి ఏదో బండిలో, జనరల్ డబ్బాలో నిలబడి రావాలి. అది ఎప్పటికి చేరుతుందో తెలియదు. ఆసుపత్రి రోజు పోతుంది. ఆయన సంచీ కోసం చెయ్యి చాచాడు.

“దిగిపోదాం సదాశివ.”

“జెర ఆగన్నా.” సదాశివ ఆ చెయ్యి పట్టుకున్నాడు. “ఉప్పెన వచ్చిన ఏడాది నేను సుత ఉన్న ఆ ఓడల. యాదుందా?”

యాదుండకేం? ఆ ఏడాది కడుపు నిండా బియ్యం బస్తాలు, టార్పాలిన్లు, కిరసనాయిలు పీపాలు, సైనికులు. రేవూ రోడ్డూ కొట్టుకుపోయిన చోట గండక ఒడ్డెక్కింది. సామాను దించడం అయిపోయింది. పాటు మొదలై నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి. తాడు చుట్టి బయటపడాల్సిన వేళ. అప్పుడు దూరంగా బురదలో జనం వస్తూ కనపడ్డారు. ముసలివాళ్ళు, నెత్తిన పిల్లలతో ఆడవాళ్ళు. నోవహు తలుపు దగ్గర నిలబడి వెనక్కి చూశాడు, కెప్టెన్ ఏమంటాడో అని.

“మీ కెప్టెన్ రామభద్రరావు సారు ఏమన్నడే?” అన్నాడు సదాశివ.

నోవహు కిటికీ ఊచ పట్టుకున్నాడు.

“చెప్పన్నా. బిడ్డ సుత వింటది.”

“నీళ్ళు పోతే పోనీయండి, మళ్ళీ వస్తాయి అన్నాడు.” నోవహు కిటికీ వైపు వంగాడు. “తలుపులు మూయలేదమ్మా. రాత్రి పోటు వచ్చేదాకా ఎండు ఇసుక మీదే ఉన్నాం. వెనక తాడు వదులై బురదలో పడి ఉంది. నాకైతే ఇక బయటపడమనిపించింది. కానీ ఆ జనమంతా ఎక్కారు.”

“ఎక్కినంక మళ్ళ నీళ్ళు రాలేదా?”

“వచ్చాయి.”

“గంతే మరి. బండి గూడ గంతే.” సదాశివ జేబులోంచి నిమ్మకాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “అయినా ఈయన కండ్లు రేపంతా నేనే బిడ్డా. పరేషాన్ గాకు.”

నోవహు కూతురి వైపు చూశాడు. ఆమె మొహం ఆయనకు కనపడలేదు, నీలం చీర రంగు ఒక్కటే తెలిసింది. ఏమంటుందో అని ఎదురు చూడలేదు. “తిరుగు టిక్కెట్లు నీ దగ్గరే ఉంచమ్మా,” అన్నాడు. “రద్దు చేయించు.”

“మరి ఆపరేషను?”

“ఎండాకాలం దాటాక అన్నారు కదా. ఓడ అప్పటికి ఉండదు. నేను ఉంటాను.”

ఆలిస్ టిక్కెట్లు చేతిలో అటూ ఇటూ తిప్పింది. పోయేవి తిరిగి ఆయన చేతికిచ్చి, మిగతావి బ్యాగులో పెట్టుకుంది. “డాక్టరుతో నేను మాట్లాడతాలే. ఎలా వస్తారో, ఏమో... చలికి మఫ్లరు కట్టుకోండి బాబాయ్, మీరూ.”

“నాకు చలి గాదు బిడ్డా తక్లీఫ్, ఆ తొట్టే నాకు తక్లీఫ్.”

గార్డు ఈల వేశాడు. బండి ఇంకా కదలలేదు. నోవహు వెనక ఏ తాడూ లేకుండా కూర్చున్నాడు. అలా కూర్చోవడం ఆయనకు కొత్త. రేపు ఎక్కడ నిలబడాలో, జెండా ఏ వైపు నుంచి దిగుతుందో సదాశివకు ఇప్పుడే చెప్పుకోవాలనుకున్నాడు.

అప్పుడు కిటికీ కింద, రైలు డబ్బా ఇనుప ఒంటి మీద అరచేత్తో ఎవరో చరిచారు. ఒకసారి. మరోసారి.

ఆలిస్ చిన్నప్పుడు, ఆమె బడికి పోయే రిక్షాను తాను అలా చరిచి పంపేవాడు. ఆమెకు గుర్తుందని అనుకోలేదు.

“గా ఇంజన్ల మోతల సుత నువ్వు చరిచేది నాకు వినపడేదన్నా,” అన్నాడు సదాశివ మెల్లగా. “నీకెన్నడు చెప్పలె గని.”

బండి కదిలింది.